సీట్లు పెరగాలంటే రోడ్డే పక్కకు జరగాలి.. 140 ఏళ్ల ఆన్‌ఫీల్డ్‌లో పాత స్టాండ్లను ఎలా పెంచారు? అసలు చిక్కు ఎక్కడ వచ్చింది?

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్‌కు సొంత గడ్డ ఆన్‌ఫీల్డ్. 1884లో మొదలైన ఈ గ్రౌండ్‌లో పదేళ్ల వ్యవధిలో రెండు పాత స్టాండ్లను పెంచారు. 2016లో మెయిన్ స్టాండ్‌కు 8,500 సీట్లు కలిశాయి. 2024 నాటికి ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్‌కు మరో 7,000 సీట్లు వచ్చాయి. దీంతో ఒకప్పుడు 45 వేల చిల్లర ఉన్న సామర్థ్యం ఇప్పుడు 61,276కు చేరింది. హైదరాబాద్‌లోని ఉప్పల్ స్టేడియంలో సుమారు 39 వేల మంది పడతారు కాబట్టి, ఇది ఎంత పెద్ద గ్రౌండో ఊహించుకోవచ్చు.

ఇందులో ఓ విచిత్రం ఉంది. 1952 ఫిబ్రవరి 2న ఇదే గ్రౌండ్‌లో వోల్వర్‌హాంప్టన్ జట్టుతో ఎఫ్‌ఏ కప్ మ్యాచ్ జరిగింది. ఆ రోజు వచ్చిన జనం 61,905 మంది. అంటే రెండు స్టాండ్లకు కలిపి సుమారు 19 కోట్ల పౌండ్ల అంచనాలతో (మన లెక్కలో రెండు వేల కోట్ల రూపాయలకు అటూఇటూ) పనులు చేసినా, 70 ఏళ్ల కిందటి రికార్డుకు ఇంకా 600 మంది తక్కువే!

అప్పట్లో పట్టిన జనం ఇప్పుడెందుకు పట్టరు? పాత స్టాండ్‌కు నాలుగు వరుసలు కలపడం అంత కష్టమా? కలిపిన సీట్లు చివరికి ఎవరికి దక్కుతాయి? ఒక్కొక్కటిగా చూద్దాం.

1952లో అంతమంది ఎలా పట్టారు?

సమాధానం సింపుల్. అప్పుడు చాలామంది నిలబడి చూసేవారు. గోల్ పోస్ట్ వెనకాల ఉండే స్టాండ్ పేరు 'కాప్'. దక్షిణాఫ్రికాలో 1900లో యుద్ధం జరిగిన స్పియాన్ కాప్ అనే కొండ పేరునే దీనికి పెట్టారు. ఒకప్పుడు ఈ ఒక్క స్టాండ్‌లోనే దాదాపు 28 వేల మంది భుజం భుజం ఆనించి నిలబడేవారు. ఇప్పుడు అక్కడ కుర్చీలు వేస్తే పట్టేది 12 వేల చిల్లర మాత్రమే.

ఈ మార్పు వెనక పెద్ద విషాదం ఉంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్ జరిగింది. కంచెలు బిగించిన నిలుచునే గ్యాలరీల్లోకి జనం ఒక్కసారిగా వచ్చిపడటంతో తొక్కిడికి 97 మంది ప్రాణాలు పోయాయి. తప్పు అభిమానులదేనని ఏళ్ల తరబడి ప్రచారం జరిగింది. కానీ 2016లో జ్యూరీ తేల్చింది వేరు. వాళ్లది చట్టవిరుద్ధంగా జరిగిన మరణమని, అందులో అభిమానుల తప్పేమీ లేదని తీర్పు చెప్పింది.

ఆ దుర్ఘటనపై విచారణ జరిపిన లార్డ్ జస్టిస్ టేలర్ 1990 జనవరిలో తుది నివేదిక ఇచ్చారు. ఆ తర్వాత ఇంగ్లండ్ పై డివిజన్ల స్టేడియాలన్నీ కుర్చీలకు మారిపోయాయి. ఆన్‌ఫీల్డ్‌లో కాప్ కూడా 1994లో మారింది. దాంతో భద్రత పెరిగింది, సామర్థ్యం పడిపోయింది. జట్టుకు ప్రపంచమంతా అభిమానులు పెరుగుతుంటే, గ్రౌండ్‌లో చోటు మాత్రం తగ్గింది. సీజన్ టికెట్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే జాబితా తయారైంది. సీట్లు పెంచాలన్న ఒత్తిడి మొదలైంది ఇక్కడే.

కొత్తదే కట్టేయొచ్చుగా?

లివర్‌పూల్ క్లబ్ కూడా మొదట అదే అనుకుంది. పక్కనే ఉన్న స్టాన్లీ పార్క్‌లో కొత్త స్టేడియం కట్టాలన్న ఆలోచన 2000 దశకం అంతా నడిచింది. 2007లో క్లబ్‌ను కొన్న అమెరికన్ యజమానులు టామ్ హిక్స్, జార్జ్ జిల్లెట్ 60 రోజుల్లో పార పడుతుందని చెప్పారు. ఆ పార పడనే లేదు. అప్పులు పెరిగాయి, యజమానులు మారారు.

2010లో క్లబ్‌ను తీసుకున్న ఫెన్‌వే స్పోర్ట్స్ గ్రూప్ లెక్కలు మళ్లీ వేసుకుంది. ఈ గ్రూప్ చేతిలోనే అమెరికాలోని బోస్టన్ బేస్‌బాల్ జట్టు, దాని వందేళ్ల పాత మైదానం ఫెన్‌వే పార్క్ కూడా ఉన్నాయి. అక్కడ పాత గ్రౌండ్‌ను కూలగొట్టకుండా కొంచెం కొంచెంగా సీట్లు పెంచుకుంటూ వచ్చిన అనుభవం వీళ్లది. చివరికి 2012 అక్టోబరులో స్టాన్లీ పార్క్ ప్లాన్‌ను పక్కనపెట్టి, ఆన్‌ఫీల్డ్‌లోనే ఉంటామని ప్రకటించింది.

దీని వెనక లెక్క ఉంది. కొత్త స్టేడియం కడితే పాతవాటితో కలిపి మొత్తం సీట్లకూ ఖర్చు పెట్టాలి. కానీ అదనంగా ఆదాయం వచ్చేది పెరిగిన సీట్ల మీదే. ఉదాహరణకు 45 వేల సీట్ల గ్రౌండ్‌ను వదిలి 60 వేల సీట్లది కడితే, ఖర్చు 60 వేల సీట్లకు, కొత్త రాబడి 15 వేల సీట్లకు. అదే ఉన్నదాన్ని పెంచుకుంటే ఖర్చు ఆ 15 వేల సీట్ల వరకే. అయినా అదేం చౌక కాదు. ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్ అంచనా 8 కోట్ల పౌండ్లను 7,000 సీట్లతో భాగిస్తే ఒక్కో సీటుకు 11 వేల పౌండ్లు దాటుతుంది. అంటే ఒక్క కుర్చీకి మన డబ్బుల్లో 11 లక్షలకు పైమాటే.

మరి స్థలం ఎక్కడిది?

పాత ఇంగ్లిష్ గ్రౌండ్లన్నిటిదీ ఒకటే సమస్య. అవి ఊరి చివర కట్టినవి కావు. కార్మికులు ఉండే ఇళ్ల వరుసల మధ్యలో పుట్టినవి. ఆన్‌ఫీల్డ్ చుట్టూ కూడా గోడకు గోడ ఆనుకున్న ఇటుక ఇళ్లు, ఇరుకు వీధులు. స్టాండ్ వెనక్కి పెరగాలంటే ఎవరో ఒకరి ఇల్లు పోవాల్సిందే.

ఈ కథ కొత్తదేం కాదు. 1992లో కెమ్లిన్ రోడ్ వైపు స్టాండ్‌ను పెంచినప్పుడు (ఇప్పుడు దాని పేరు సర్ కెన్నీ డల్గ్లీష్ స్టాండ్) ఆ వీధిలో ఇళ్లన్నీ క్లబ్ కొనేసినా, ఇద్దరు అక్కాచెల్లెళ్లు మాత్రం ఏళ్ల తరబడి ఇల్లు ఖాళీ చేయలేదు. వాళ్లు ఒప్పుకున్నాకే రెండో అంతస్తు పని ముందుకు కదిలింది.

మెయిన్ స్టాండ్ విషయంలో వ్యవహారం ఇంకా చేదుగా నడిచింది. వెనకనున్న లోథెయిర్ రోడ్, ఆ చుట్టుపక్కల వీధుల్లో క్లబ్ కొన్న ఇళ్లు ఏళ్లపాటు ఖాళీగా, కిటికీలకు రేకులు కొట్టి పడున్నాయి. కొత్త స్టేడియమా, పాతదాని విస్తరణా అని తేలనంత కాలం ఆ వీధుల భవిష్యత్తూ తేలలేదు. పక్కింట్లో మనుషులు లేక వీధి పాడుబడుతుంటే, ఉన్నవాళ్ల ఇళ్ల విలువ పడిపోయింది. తమ పేట ఇలా తయారవడానికి క్లబ్బే కారణమని స్థానికులు చాలాకాలం మండిపడ్డారు. చివరికి ఆ ఇళ్లు కూల్చి, స్టాండ్ వెనక విశాలమైన ఖాళీ జాగా తీశారు. ఈ రోజు మ్యాచ్‌కు వెళ్లేవాళ్లు నడిచే ఆ ఆవరణ కింద ఒకప్పుడు కాపురాలున్నాయి.

రెండోసారి ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్ వంతు వచ్చినప్పుడు అడ్డమైంది ఇళ్లు కాదు, రోడ్డే. ఏ రోడ్డు పేరైతే ఆ స్టాండ్‌కు పెట్టారో, ఆ రోడ్డు మీదకే స్టాండ్ పెరిగింది. దాంతో రోడ్డును స్టాండ్ చుట్టూ వంపు తిప్పి కొత్తగా వేశారు.

మ్యాచ్‌లు ఆపకుండా ఎలా కట్టారు?

ఇంజినీరింగ్ పరంగా ఆసక్తికరమైన సంగతి ఇదే. లివర్‌పూల్ క్లబ్ సీజన్ మొత్తం వేరే గ్రౌండ్‌కు వెళ్లిపోలేదు. పని జరుగుతున్నంత కాలం అక్కడే మ్యాచ్‌లు ఆడింది.

కిటుకు ఏంటంటే, పాత స్టాండ్‌ను ముందే కూలగొట్టలేదు. దాని వెనక ఖాళీ స్థలంలో కొత్త నిర్మాణాన్ని విడిగా లేపుకుంటూ వచ్చారు. మెయిన్ స్టాండ్ పని 2014 డిసెంబరులో మొదలైంది. 2015-16 సీజన్‌లో టీవీలో మ్యాచ్‌లు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది.. పాత స్టాండ్ పైకప్పు మీదుగా వెనకాల కొత్త ఉక్కు చట్రం రోజురోజుకూ ఎత్తు పెరుగుతూ కనిపించేది. కింద మాత్రం జనం ఎప్పటిలాగే పాత సీట్లలో కూర్చుని మ్యాచ్ చూసేవారు.

కొత్త పైకప్పును మోసే ప్రధాన ఉక్కు దూలం పొడవు 140 మీటర్లు, బరువు 650 టన్నులు. అంటే పిచ్ పొడవు కంటే ఎక్కువ. ఇంత పెద్ద దూలం ఎందుకంటే, మధ్యలో స్తంభాలు ఉండకూడదు. పాతకాలం స్టాండ్లలో పైకప్పును ఇనుప స్తంభాలు మోసేవి. ఆ స్తంభం వెనక సీటు దొరికినవాడికి గోల్ పోస్ట్ ఒక పక్క కనిపిస్తే ఇంకో పక్క కనిపించదు. ఇప్పుడు బరువంతా పైనున్న దూలం మోస్తుంది కాబట్టి ఎవరి చూపుకూ అడ్డం ఉండదు.

సీజన్ ముగియగానే అసలు పరుగు మొదలైంది. పాత పైకప్పు విప్పేసి, పాత కింది భాగాన్నీ వెనక లేపిన కొత్త పై భాగాన్నీ ఒక్కటిగా కలపాలి. చేతిలో ఉన్నది వేసవి నెలలే. అందుకే 2016-17 సీజన్‌లో మొదటి మూడు లీగ్ మ్యాచ్‌లనూ లివర్‌పూల్ బయటి గ్రౌండ్లలోనే ఆడింది. సెప్టెంబర్ 10న లెస్టర్ సిటీతో మ్యాచ్‌తో కొత్త మెయిన్ స్టాండ్ తెరుచుకుంది. లివర్‌పూల్ 4-1తో గెలిచింది. 20 వేల మందికి పైగా పట్టే ఆ ఒక్క స్టాండ్‌తో గ్రౌండ్ సామర్థ్యం 54 వేలు దాటింది.

వెనక్కి నాలుగు వరుసలు వేస్తే సరిపోదా?

చాలామందికి వచ్చే సందేహం ఇది. పాత స్టాండ్ ఉన్న వాలులోనే వెనక్కి ఇంకొన్ని వరుసలు పేర్చేస్తే పని అయిపోతుంది కదా అని. అలా కుదరదు.

స్టాండ్ డిజైన్ మొత్తం ఒక చిన్న కొలత చుట్టూ తిరుగుతుంది. మీ కంటి నుంచి మైదానం అంచుకు ఒక గీత గీస్తే, అది ముందు కూర్చున్న మనిషి కళ్లకు ఎంత పైనుంచి పోతుంది? స్టేడియం ఇంజినీర్లు దీన్ని 'సీ విలువ' అంటారు. 90 మిల్లీమీటర్లు ఉంటే మంచి సీటు. 60 కంటే తగ్గితే ముందువాళ్ల తలలే కనిపిస్తాయి. వెనక్కి, పైకి పోయేకొద్దీ ఈ కొలత దక్కాలంటే ఒక్కో మెట్టు ఎత్తు పెంచుకుంటూ పోవాలి. అందుకే పెద్ద స్టాండ్ల వాలు గిన్నె అంచులా పైకి లేస్తుంది.

అలాగని ఇష్టం వచ్చినంత నిటారుగా కట్టేయడానికీ లేదు. బ్రిటన్‌లో వాలు 34 డిగ్రీలు దాటకూడదని మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంతకు మించితే మెట్లు దిగేటప్పుడు కళ్లు తిరుగుతాయి, కాలు జారితే ఆగేదుండదు. ఇంకోపక్క దూరం సమస్య. మైదానంలో అవతలి మూల నుంచి సీటు దాదాపు 150 మీటర్లు దాటితే బంతి సరిగా ఆనదు.

ముందు తల అడ్డు రాకూడదు, వాలు మితిమీరకూడదు, దూరం ఎక్కువ కాకూడదు. ఈ మూడూ కుదరాలంటే పాత వరుసల వెనక అదే వాలులో సాగదీయడం పనికిరాదు. పాత కింది అంతస్తును ఉంచి, దాని మీదుగా కొంత ముందుకు వచ్చేలా కొత్త పై అంతస్తును వేరే వాలులో నిలబెట్టాలి. ఆన్‌ఫీల్డ్‌లో చేసింది ఇదే పద్ధతి.

ఇంకో లెక్క కూడా ఉంది. జనం బరువు మూటల బరువు లాంటిది కాదు. గోల్ పడితే వేల మంది ఒక్కసారిగా ఎగురుతారు. పాట పాడుతూ ఒకే తాళంలో గెంతుతారు. ఆ ఊపుకు స్టాండ్ కూడా అదే లయలో ఊగడం మొదలుపెడితే ప్రమాదం. అందుకే ఎంత బరువు మోస్తుందనే కాదు, ఎంత వేగంగా కంపిస్తుందనేది కూడా ముందే లెక్కవేస్తారు.

లోపలికి రావడం సరే.. బయటికి ఎలా?

పాత స్టాండ్ విషయంలో ఎప్పుడూ మర్చిపోకూడని ప్రశ్న ఇది. ఫుట్‌బాల్ చరిత్రలో దీనికి ప్రాణాలతో వెల కట్టారు.

ఆన్‌ఫీల్డ్‌లో 1906 నాటి మెయిన్ స్టాండ్ డిజైన్ చేసింది స్కాట్లాండ్ ఇంజినీర్ ఆర్చిబాల్డ్ లీచ్. ఆయన డిజైన్ చేసిన గ్లాస్గో ఐబ్రాక్స్ గ్రౌండ్‌లోనే 1902 ఏప్రిల్ 5న చెక్క గ్యాలరీ కూలింది. స్కాట్లాండ్, ఇంగ్లండ్ మ్యాచ్ చూస్తున్న 25 మంది చనిపోయారు. అదే ఐబ్రాక్స్‌లో 1971 జనవరి 2న మ్యాచ్ ముగిసి జనం బయటికి వస్తుండగా మెట్ల దారిలో తొక్కిసలాట జరిగి 66 మంది ప్రాణాలు కోల్పోయారు. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్‌లో పాత చెక్క స్టాండ్ కింద పేరుకున్న చెత్తకు నిప్పంటుకుంది. నాలుగు నిమిషాలు గడవకముందే స్టాండ్ మొత్తం మంటల్లో మునిగింది. వెనకనున్న తలుపులు చాలావరకు తాళం వేసి ఉన్నాయి. 56 మంది చనిపోయారు. గుండె పిండే విషయం ఏంటంటే, అది సీజన్ చివరి మ్యాచ్. ఆ పాత పైకప్పును ఆ వేసవిలోనే మార్చాల్సి ఉంది.

1971 ఘటన తర్వాత 1973లో బ్రిటన్‌లో స్టేడియం భద్రతకు ఒక మార్గదర్శిని వచ్చింది. అందరూ దాన్ని 'గ్రీన్ గైడ్' అంటారు. ఎన్నోసార్లు మార్పులు చేసుకుంటూ వచ్చిన ఆ పుస్తకం ప్రకారం స్టేడియం సామర్థ్యం అంటే ఎన్ని కుర్చీలు పడతాయన్నది కాదు. ఎంతమంది సురక్షితంగా లోపలికి రాగలరు, ఎంతమంది బయటికి పోగలరు అన్న లెక్కల్లో ఏది తక్కువైతే అదే సామర్థ్యం.

ఒక చిన్న లెక్క చూడండి. గైడ్ ప్రకారం మెట్ల దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 66 మంది పోగలరు. మామూలు పరిస్థితుల్లో జనం 8 నిమిషాల్లో బయటపడాలి. అగ్నిప్రమాద ముప్పు ఎక్కువగా ఉన్న చోట అది రెండున్నర నిమిషాలకే పడిపోతుంది. 1.2 మీటర్ల వెడల్పున్న మెట్ల దారి అనుకుంటే, 8 నిమిషాల్లో దిగగలిగేది సుమారు 630 మంది. అంటే కొత్తగా 7,000 మంది కూర్చోవాలంటే కొత్తగా అలాంటి దారులు 12 కావాలి. దాంతోపాటు టాయిలెట్లు, తిండి కౌంటర్లు, వీల్‌చైర్‌లో వచ్చేవారికి చోటు, లిఫ్టులు. మనకు టీవీలో కనిపించేది కుర్చీలే. కానీ కొత్త స్టాండ్‌లో ఎక్కువ స్థలాన్ని మింగేది వాటి కింద, వెనక దాగున్న ఈ దారులే. పాత స్టాండ్‌కు రెండింతల మందం ఉన్న భవనం వెనక ఎందుకు లేచిందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇవన్నీ సరిపోయాయని స్థానిక కౌన్సిల్ భద్రతా సర్టిఫికెట్ ఇచ్చేదాకా ఒక్క కొత్త సీటు కూడా అమ్మడానికి వీల్లేదు. ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్ దగ్గర ఈ నిబంధనకు ఎంత బలముందో తెలిసొచ్చింది.

మధ్యలో కాంట్రాక్టర్ చేతులెత్తేస్తే..

ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్‌కు 2021 జూన్‌లో అనుమతి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 30న అప్పటి మేనేజర్ యుర్గెన్ క్లాప్ చేతుల మీదుగా పని మొదలైంది. 2023-24 సీజన్ మొదలయ్యేసరికి సిద్ధం చేయాలన్నది లక్ష్యం. కానీ 2023 వేసవిలో నిర్మాణ సంస్థ బకింగ్‌హామ్ గ్రూప్ ఆర్థికంగా కుప్పకూలింది. సెప్టెంబర్‌కల్లా అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా ప్రక్రియలోకి వెళ్లిపోయింది. లండన్‌లో ఫుల్హామ్ క్లబ్ రివర్‌సైడ్ స్టాండ్ పని కూడా ఈ సంస్థదే.

విచిత్రం ఏంటంటే, ఆన్‌ఫీల్డ్‌లో మెయిన్ స్టాండ్ కట్టిన కారిలియన్ సంస్థ కూడా 2018 జనవరిలో మూతపడింది. కాకపోతే అప్పటికి అక్కడ పని అయిపోయింది. ఈసారి మాత్రం స్టాండ్ సగంలో ఉంది. పాత పైకప్పు విప్పేశారు, కొత్త పై అంతస్తు జనాన్ని కూర్చోబెట్టేంతగా తయారు కాలేదు.

ఇలాంటి పనుల్లో సంస్థలు ఎందుకు దెబ్బతింటాయి? సీజన్ తేదీలు మారవు, పక్కనే మ్యాచ్‌లు జరుగుతుంటాయి, పని చేయడానికి ఇరుకు స్థలం. పైగా ధర ముందే ఖాయం చేసుకుని ఒప్పందం రాసుకుంటే, ఆ తర్వాత ఉక్కు, కూలి రేట్లు పెరిగితే ఆ భారం కాంట్రాక్టర్ మీదే పడుతుంది. ఖాళీ స్థలంలో భవనం కడితే ఆలస్యాన్ని ఎలాగో సర్దుకోవచ్చు. నడుస్తున్న స్టేడియంలో ఆ వెసులుబాటు లేదు.

లివర్‌పూల్ క్లబ్ రేనర్ రోవెన్ అనే మరో సంస్థకు పని అప్పగించింది. కింది అంతస్తుతోనే సీజన్ మొదలుపెట్టారు. 2023 డిసెంబర్ 17న మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్‌కు పై అంతస్తులో కొంత భాగం తెరిచారు. ఆ రోజు వచ్చినవాళ్లు 57,158 మంది. తర్వాత ఒక్కో భాగం తెరుస్తూ వచ్చారు. 2024 ఫిబ్రవరి 10న బర్న్‌లీతో మ్యాచ్‌కు 59,896 మంది వచ్చారు. ఆన్‌ఫీల్డ్‌లో లీగ్ మ్యాచ్‌కు 1949 నుంచి ఉన్న 58,757 రికార్డు అలా చెరిగిపోయింది. తొందరపడి ఒకేసారి గేట్లు తెరవకుండా, పరీక్షించుకుంటూ తెరవడం వల్ల ఆలస్యమైంది నిజమే. కానీ పైన చెప్పుకున్న చరిత్ర తెలిసినవాళ్లెవరూ దాన్ని తప్పుపట్టరు.

పెరిగిన సీటు ఎవరిది?

ఉక్కు లేచింది, రోడ్డు జరిగింది, సర్టిఫికెట్ వచ్చింది. అసలు గొడవ మాత్రం టికెట్ ధర దగ్గర మొదలైంది.

2016 ఫిబ్రవరిలో, మెయిన్ స్టాండ్ ఇంకా పూర్తి కాకముందే వచ్చే సీజన్ ధరలు ప్రకటించారు. కొత్త స్టాండ్‌లో అత్యధిక టికెట్ 77 పౌండ్లు. అంతకుముందు గరిష్ఠ ధర 59 పౌండ్లు. అభిమానులకు ఒళ్లు మండింది. ఫిబ్రవరి 6న సండర్లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి వేలాది మంది లేచి బయటికి నడిచారు. దాదాపు 10 వేల మంది అని అంచనా. అప్పటికి లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉంది. మ్యాచ్ చివరికి 2-2తో డ్రా అయింది.

నాలుగు రోజులు తిరక్కుండానే యజమానులు క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గారు. 77 పౌండ్ల టికెట్ రద్దయింది, గరిష్ఠ ధర 59 దగ్గరే ఆగిపోయింది. ప్రతి మ్యాచ్‌కూ కొన్ని టికెట్లు 9 పౌండ్లకే ఇస్తామని చెప్పారు.

ఈ గొడవకు మూలం స్టాండ్ లెక్కల్లోనే ఉంది. కోట్లు పెట్టి సీట్లు పెంచినప్పుడు ఆ డబ్బు తిరిగి రావాలి. మామూలు సీటు మీద రాబడి తక్కువ. అద్దాల గదులు, భోజనంతో కలిపి అమ్మే హాస్పిటాలిటీ సీట్ల మీద ఎక్కువ. అందుకే ఎక్కడ స్టాండ్ పెరిగినా అందులో కొంత భాగం ఈ ఖరీదైన సీట్లకు పోతుంది. ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్‌లో కలిపిన 7,000 సీట్లలో మామూలు జనానికి 5,200, స్పోర్ట్స్ బార్ తరహా లాంజ్‌కు 1,800 అని ప్లాన్‌లోనే రాసుకున్నారు. అంటే నాలుగింట ఒక వంతు ప్రత్యేక సీట్లు.

విస్తరణ పూర్తవుతూనే 2024-25 సీజన్‌కు టికెట్ ధరలు 2 శాతం పెంచారు. అంకె చిన్నదే. అయినా 2024 ఏప్రిల్‌లో అటలాంటా జట్టుతో యూరోపా లీగ్ మ్యాచ్‌కు కాప్ స్టాండ్‌లో ఎప్పుడూ రెపరెపలాడే జెండాలు, బ్యానర్లు కనిపించలేదు. అభిమానుల సంఘాలు నిరసనగా వాటిని తీసుకురావడం మానేశాయి. 7,000 మంది కొత్తగా వచ్చి కూర్చుంటే టికెట్ ఆదాయం ఎలాగూ పెరుగుతుంది కదా, ఇంకా ధర ఎందుకు పెంచాలి అన్నది వాళ్ల ప్రశ్న. ఖర్చులు పెరుగుతున్నాయన్నది క్లబ్ వాదన.

పార్కు అవతల ఇంకో కథ

ఆన్‌ఫీల్డ్ నుంచి స్టాన్లీ పార్క్ దాటితే మైలు దూరం కూడా లేని గ్రౌండ్ గూడిసన్ పార్క్. ఎవర్టన్ క్లబ్‌ది. అసలు ఆన్‌ఫీల్డ్‌లో మొదట ఆడింది ఎవర్టన్ జట్టే. అద్దె విషయంలో స్థల యజమాని జాన్ హోల్డింగ్‌తో తగాదా వచ్చి 1892లో వెళ్లిపోయింది. ఖాళీ అయిన గ్రౌండ్ కోసం హోల్డింగ్ పెట్టుకున్న జట్టే లివర్‌పూల్!

ఎవర్టన్‌కూ సీట్ల కొరతే. కానీ గూడిసన్ పార్క్ చుట్టూ ఇళ్లు, ఒక మూలలో ఏకంగా చర్చి ఉన్నాయి. పాత స్టాండ్లలో స్తంభాలు అడ్డొచ్చే సీట్లు వేలల్లో ఉండేవి. పెంచడానికి దారి దొరక్క ఎవర్టన్ పురుషుల జట్టు 2025లో పాత గ్రౌండ్‌ను వదిలి, నదీ తీరాన బ్రామ్లీ-మూర్ డాక్‌లో కట్టిన 52 వేలకు పైగా సీట్ల కొత్త స్టేడియానికి మారింది. దాని ఖర్చు 80 కోట్ల పౌండ్ల దాకా వెళ్లినట్టు చెబుతారు. చారిత్రక రేవు ప్రాంతంలో జరుగుతున్న నిర్మాణాల కారణంగా 2021లో యునెస్కో లివర్‌పూల్ నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తొలగించింది. అందుకు ఎత్తిచూపిన వాటిలో ఈ స్టేడియం కూడా ఉంది.

గూడిసన్‌ను కూల్చేస్తారనుకున్న అభిమానులకు ఊరట ఏంటంటే, ఎవర్టన్ మహిళల జట్టు ఇప్పుడు అక్కడ ఆడుతోంది.

మొత్తంగా ఏం తేలింది?

పాత స్టాండ్‌ను పెంచడం చౌకైన పని కాదు, తేలికైన పనీ కాదు. స్థలం దొరకాలి, చూపు ఆనాలి, జనం నిమిషాల్లో బయటపడాలి, పక్కన మ్యాచ్ ఆగకూడదు. వీటికి ఇంజినీర్ల దగ్గర కొలతలున్నాయి. డబ్బు పెడితే, ఓపిక పడితే సాధించొచ్చని ఆన్‌ఫీల్డ్ చూపించింది.

కొలత లేనిది ఒక్కటే. 1952లో వచ్చిన 61,905 మందిలో చాలామంది ఆ చుట్టుపక్కల వీధుల నుంచే నడిచొచ్చిన కార్మికులు. ఇప్పుడూ దాదాపు అంతమందే కూర్చుంటున్నారు. కాకపోతే అందులో ఎంతమంది ఆ వీధుల వాళ్లుంటారన్నది ఉక్కు దూలాలు తేల్చవు, టికెట్ మీద అచ్చేసే అంకె తేలుస్తుంది. స్టాండ్ కోసం ఇళ్లు, రోడ్డు వదులుకున్న పేటకు ఆ సీట్లలో వాటా మిగిలితేనే విస్తరణ పూర్తయినట్టు.